బాతుపిల్ల కోసం భీమవరం పాసింజరు

నేను భీమవరం వెళ్ళింది పెళ్ళికి కాదు, పేరంటానికి కాదు. ఒక కథ ముగించడానికి. రాజమండ్రిలో తమ్ముడి కుటుంబంతో ఉంటాను. పెద్దక్కను కాబట్టి పోపులపెట్టె దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ నన్నే అడుగుతారు. పూజలో ఉంటే ఎవరూ పిలవరు. కలం పట్టుకుంటే మాత్రం ఊరికే కూర్చున్నట్టు లెక్క. పిల్లల కోసం రాసిన కథల పుస్తకం ప్రెస్సులో ఉంది. బొమ్మలు కూడా వేయించేశారు. చివరి కథ ఒక్కటే మిగిలింది. కాలవ ఇవతలి గట్టున ఒక బాతుపిల్ల ఉండిపోతుంది, అవతలి గట్టు నుంచి మందంతా దాన్ని పిలుస్తూ ఉంటుంది, అది మాత్రం నీళ్ళలోకి దిగదు. ఎలా దింపాలో నెల రోజులుగా నాకూ తోచలేదు. సోమవారం పొద్దుటికి కథ అందకపోతే అది లేకుండానే పుస్తకం కుట్టేస్తామని ప్రెస్సాయన కబురు పెట్టారు. శనివారం సాయంత్రం ఆలోచించాను. ఇంట్లో నాకు దొరకని కిటికీ పక్క చోటు పాసింజరు బండిలో దొరుకుతుంది. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. చాలదా?

ఆదివారం ఉదయం ఆరు దాటాక బండి కదిలింది. టికెట్టుకు అయిన ఖర్చు రెండు ఇడ్లీ ప్లేట్లంత కూడా లేదు. గోదావరి వంతెన మీద అలవాటు ప్రకారం రూపాయి వేసి దణ్ణం పెట్టుకున్నాను. కొవ్వూరు దాటాక కాగితాలు తీశాను. అప్పుడే తమ్ముడి ఫోను. గ్యాస్ పుస్తకం ఎక్కడ పెట్టానని. చెప్పాను. నిడదవోలులో ఎదురు బండి కోసం ఆపేశారు. అక్కడ రాద్దామనుకుంటే ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి కూర్చున్నారు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయట. ఎవరి తాలూకా, ఎవరింటికి అని మొదలుపెట్టారు. ఎవరింటికీ కాదు, దిగి మళ్ళీ తిరుగు బండి ఎక్కుతానన్నాను. ఆయన కాసేపు నన్ను పరీక్షగా చూశారు.

"సంబంధం చూడ్డానికైనా కాదాండీ?"

"కాదండి."

"మరి పని లేకుండా భీమవరం ఏంటండీ?"

కాగితాలు సర్ది ఒళ్ళో పెట్టుకున్నాను.

తణుకులో సత్యవతి గారని ఒకావిడ క్యారేజీ పట్టుకుని ఎక్కి నా పక్కన కూర్చున్నారు. నా నుదుటి బొట్టు చూశారు, ఒళ్ళో కాగితాలు చూశారు. "రామకోటాండీ?" అన్నారు మెల్లగా. అవునని అనలేదు, కాదనీ అనలేదు. అంతే. ఆవిడ ఎదురుగా అల్లరి చేస్తున్న పిల్లల్ని కసిరారు, రొయ్యల చెరువాయన గొంతు తగ్గించారు, ఎవరో నా కోసం కిటికీ రెక్క పైకెత్తారు. నెల రోజులుగా దొరకని నిశ్శబ్దం ఒక్క మాటతో దొరికింది. బాతుపిల్ల మీద రెండు వాక్యాలు రాశానో లేదో, సత్యవతి గారు నా మోచేతి మీద చెయ్యి వేశారు.

"మా అమ్మాయి లక్ష్మి భీమవరం ఆసుపత్రిలో ఉందండి. తొలికాన్పు. తెల్లారుజాము నుంచి నొప్పులు. మీ చేత్తో దాని పేరు తలుచుకుని నూటెనిమిది రాయండి."

కథ కాగితం మీద శ్రీరామ అని మొదలుపెట్టాను. లక్ష్మిని తలుచుకుని, మనసు పెట్టే రాశాను. అత్తిలిలో పూర్తయింది. అంతవరకూ ఓపిగ్గా ఊరుకున్న ఎదుటాయన గొంతు సవరించుకున్నారు. చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలిందట, ఒక్క పేజీ చాలన్నారు. రొయ్యల కోసం కూడా రాశాను. భీమవరంలో దిగేటప్పుడు సత్యవతి గారు రెండు జామకాయలు నా సంచిలో పడేసి పరుగెత్తారు. లక్ష్మికి ఏ బిడ్డ పుట్టిందో నాకు తెలియదు. బాతుపిల్ల మాత్రం గట్టు మీదే ఉంది.

స్టేషను బయట హోటల్లో పెసరట్టు తిని, మధ్యాహ్నం తిరుగు బండి ఎక్కాను. ఈసారి నిజమే చెప్పాలనుకున్నాను. పక్క సీట్లో చంటిబిడ్డతో, నాలుగేళ్ళ కూతురితో ఒకమ్మాయి. ఏం రాస్తున్నారండీ అంది.

"పిల్లల కథమ్మా."

"అయితే ఖాళీయే కదండీ. వీణ్ణి కాస్త పట్టుకోండి, పెద్దదానికి జడేస్తాను."

జడ అయ్యింది. తరవాత అన్నం పెట్టడం. తరవాత ఆ అమ్మాయికే కునుకు. తణుకు పోయింది, నిడదవోలు పోయింది. బిడ్డ నా కుడిచేతి మీద నిద్రపోయాడు. వాణ్ణి ఏమనగలను? తమ్ముడు మళ్ళీ ఫోను చేసి, వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మన్నాడు. మనసులో నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. అది శాంతి కోసం కాదు, నోరు జారకుండా ఉండటానికి.

కొవ్వూరు దాటగానే పెట్టె అంతా కదిలింది. ఆ అమ్మాయి లేచి, గోదారమ్మను చూపిస్తానని బిడ్డను తీసుకుంది. అందరూ చిల్లర పట్టుకుని కిటికీల దగ్గరికి, తలుపు దగ్గరికి చేరారు. బండి వంతెన ఎక్కి నెమ్మదించింది. చేతులు జోడించుకున్నారు. కింద చక్రాల చప్పుడు తప్ప మాట లేదు. నన్ను అడిగేవారు, పిలిచేవారు ఎవరూ లేరు. నా చెయ్యి రూపాయి కోసం సంచిలోకి వెళ్ళింది. తీసింది మాత్రం కలం.

రాశాను. సాయంత్రమయ్యేసరికి బాతులు అరిచి అరిచి అలిసిపోయి ఊరుకున్నాయి. అప్పుడు బాతుపిల్లకు మొదటిసారి నీళ్ళ చప్పుడు వినిపించింది. అది దిగింది.

రాజమండ్రి గట్టు కనిపిస్తుండగా ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. "గోదారమ్మకి దణ్ణం పెట్టలేదేంటండీ?"

"పెట్టానమ్మా," అన్నాను.

సోమవారం పొద్దున్నే కథ ప్రెస్సులో ఇచ్చేశాను. రాసుకోవడానికి తీరిక ఎవరో ఇస్తారని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. ఎవరూ ఇవ్వరు. వాళ్ళలో చెడ్డవాళ్ళు లేరు, అదే వచ్చిన చిక్కు. దేవుడికి ఎప్పుడూ ఇచ్చే నిమిషాల్లోంచే ఆ రోజు కొన్ని తీసుకున్నాను. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు.

ఈ బండిలో రాసుకోవాలనుకునేవారికి ఒక్క మాట. కథ కాగితాలతో పాటు ఒక ఖాళీ రామకోటి పుస్తకం కూడా పట్టుకెళ్ళండి. ఎవరైనా తమ పేరున రాయమంటే అందులో రాసివ్వండి, కాదనకండి. తిరుగు ప్రయాణంలో కొవ్వూరు రాకముందే కలం మూత తీసి ఉంచుకోండి.