రావిర్యాలకు నడిచిపోయిన కుండలు

మా ఇబ్రహీంపట్నం శ్యామలక్క చేసిన కుండలు కాళ్లు మొలిచి, బ్యాండు వెంట రావిర్యాల దాకా నడిచిపోయాయి. ఇంటర్ తప్పి చదువు మానేసిన నాకు తెలిసిన సైన్సు అంతా ఇదే.

అక్కది కుమ్మరి ఇల్లు. పట్నంలో శిల్పకళ చదివి, తండ్రి వీరస్వామి పోయాక ఆయన చక్రం దగ్గరికే తిరిగొచ్చింది. అయితే ఆమె కుండలు వేరు. ఒకదాని పొట్ట లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, ఇంకొకదాని మూతి పక్కకు తిరిగి ఉంటుంది. వాటికి సున్నం, ఎర్రమన్ను చారలు దిద్ది, ఇనుప స్టాండు మీద ఒకదానిపై ఒకటి పేరిస్తే శిల్పం. ఏడాది కష్టం అది. ఆ మాఘమాసంలో పట్నంలో ఆమె మొదటి ప్రదర్శన. మోసుకుపోయే ట్రాలీ ఆటో నాది. కుండలు పగలకుండా నా అంత మెల్లగా నడిపేవాడు జిల్లాలోనే లేడు. నా బండికి రెండో గేరు దాటి పడదు మరి.

ప్రదర్శనకు ముందురోజు, ఆటోకెక్కించడానికి కుండలు స్టాండు మీంచి దించి వాకిట్లో పెట్టామో లేదో, గుమ్మం ముందు బ్యాండు మోగింది. రావిర్యాల యాదయ్య బిడ్డ పెళ్లట. పెళ్లిలో పూజకు పెట్టే చారల ఐరేణి కుండలు కుమ్మరి ఇంటి నుంచి మేళంతోనే తీసుకుపోవాలి. వాళ్ల ఊరి కుమ్మరి వాకిట్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లున్నాయి. అందుకే ఇటొచ్చారు. చారల కుండలు కనపడగానే యాదయ్య తల్లి అడగకుండానే పసుపు రాసేసింది.

"గిదేంది బిడ్డా, మూతి వంకరున్నది?"

"కావాల్నని చేసిన పెద్దమ్మా. గివి పెండ్లికి కాదు."

"మా పెండ్లికొడుకు మూతి గూడ గట్లనే ఉంటది. ఫికర్ లేదు తియ్!"

నేను సింహంలా అడ్డుపడ్డాను. అంటే, బ్యాండు వాళ్లకు దారి వదిలి గోడకు అతుక్కుపోయాను.

"అక్కా, రేపు పట్నంల ఏం జూపెడ్తవ్?"

అక్క పసుపు కుండలకేసి తిరిగింది. "మా బాపు వాకిట్లకెళ్లి మేళం ఎన్నడన్న ఉత్తగ పోయిందార?"

మర్నాడు ఉత్త స్టాండు మోసుకుపోయాం. జనం దాని చుట్టూ తిరిగి గంభీరంగా తలలాడించారు. నా కళాజ్ఞానమంతా కూడగట్టుకుని, కుండలు తమంతట తామే నడిచిపోయాయని వాళ్లకు వివరించాను. ఒకాయన రాసుకున్నాడు కూడా. అప్పుడే అక్క వెనక నుంచి వచ్చింది.

"నడువలే. ఆడోళ్ల నెత్తికి నేనే ఎత్తిన. కుండలు గద, పెండ్లికి పోయినయ్."