ముందు ఆపేది చూపించు

మా తాత రామకోటయ్య ఏ పనినైనా ఆపడంతోనే మొదలుపెడతాడు.

కర్నూల్లో మాకు ఇనుప సామాన్ల అంగడి ఉండేది. పంపు స్టవ్వు కొనడానికి కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఎవరైనా వస్తే, తాత ముందు దాన్ని ఆర్పడం చూపించేవాడు. వెలిగించని స్టవ్వును ఆర్పడం ఎట్లాగో ఆయనకే తెలియాలి. బోరు మోటారుకి స్టార్టరు కొన్న రైతుకి ఎర్ర బటన్ గురించి అరగంట చెప్పి పంపించేవాడు. పచ్చ బటన్ ఎందుకని అడగడానికి ఆ రైతు మళ్ళీ బస్సెక్కి రావాల్సి వచ్చేది.

ఇంటర్ లెక్కల పరీక్ష దగ్గర నేను చదువు ఆపేసినప్పుడు ఇంటిల్లిపాదీ నెత్తి కొట్టుకున్నారు. తాత మాత్రం, "మన వంశంలో ఆపడం తెలిసింది ఈ వాసవి ఒక్కదానికే" అన్నాడు. పొగిడాడో తిట్టాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆయనతో ఆటో ఎక్కడం ఒక పెద్ద తతంగం. మేం కల్లూరులో ఉండేవాళ్ళం. తాత, అవ్వ, నేను ఎక్కడికి పోవాలన్నా బొజ్జన్న షేర్ ఆటోనే దిక్కు. లోపల జనం ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని ఉంటారు. తాత మాత్రం కింద నిలబడి విచారణ మొదలుపెడతాడు.

"బొజ్జన్నా, బ్రేకు ఉండాదా?"

"ఉండాది లే పెద్దాయనా. ఎక్కు."

"ఉంటే తొక్కి చూపించు."

"నిలబడిన ఆటోకి బ్రేకు తొక్కితే ఏం తెలుస్తాదప్పా?"

"శబ్దం తెలుస్తాది. తొక్కు."

బొజ్జన్న తొక్కుతాడు. అది కిర్రుమంటుంది. అప్పుడు అవ్వ ఎక్కుతుంది, ఆమె వెనక నేను, చివరికి తాత. లోపలున్నవాళ్ళు మా ముగ్గురినీ చూసే చూపు ఎట్లా ఉండేదో చెప్పను.

ఎగ్జిబిషన్‌లో రంకులరాట్నం దగ్గరా ఇదే కథ. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. తాత పంచె అంచు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. ఆయన రాట్నం తిప్పేవాణ్ణి పిలిచి, "ఖాళీగా తిప్పి, నేను చెయ్యెత్తగానే ఆపు చూస్తాం" అన్నాడు. వాడు ఆపాడు. "ఇంకోసారి." మళ్ళీ ఆపాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు బుడగలు కొనుక్కుని, అవి పగిలిపోయి, ఇంకోసారి కొనుక్కున్నారు.

అవ్వ రాజ్యలక్ష్మమ్మ దగ్గర ఇంకా పాత సంగతి ఉంది. "మా పెండ్లిలో తాళి కట్టకముందు మేళగాణ్ణి పిలిచి, 'ఆపమంటే ఎంతసేపటికి ఆపుతావు' అని అడిగినాడు మే మీ తాత. పొద్దుట్నుంచి ఉపాసం, నా తలకాయ పగిలిపోతాంటే మూలుగుతాండా. ఆ మాట నన్నే అడుగుతాండాడేమో అనుకున్యా."

అట్లాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చునే రోజు వస్తుందని మేమెవరం అనుకోలేదు.

రెండువేల ఆరులో మా చిన్నాయన రాఘవేంద్రప్రసాద్ కల్లూరులోనే ఒక చిన్న ల్యాబు పెట్టాడు. నూనె మిల్లులవాళ్ళు వేరుశెనగ కొనేముందు గింజల్లో తేమ ఎంతుందో తెలుసుకోవాలి. గింజల్ని తూచి, కరెంటు పొయ్యి పెట్టెలో ఒకే వేడి మీద చాలాసేపు ఆరబెట్టి, మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువే తేమ. అందరూ ఒక మనిషిని పెట్టి థర్మామీటరు చూయించుకుంటారు. చిన్నాయనకు కొత్తదనం పిచ్చి. పొయ్యిని కంప్యూటరే చూసుకోవాలన్నాడు. సంచుల మీద నంబర్లు వేసే ఉద్యోగం నాది.

కంప్యూటర్ పనికి ఆలూరు నుంచి శివలీల వచ్చింది. ఇంజనీరింగ్ అయిపోయిన పిల్ల. నాన్నది మెట్టసేద్యం. రెండేళ్ళుగా వానల్లేవు. చిన్నాయన మొదటి రోజే తెగేసి చెప్పాడు.

"చూడమ్మా, ఆదోని నుంచి హరినాథన్న వస్తాడు. మిల్లు ఓనరు. ఆయన వచ్చేటప్పటికి ఇది నడిస్తే నీ ఉద్యోగం ఖాయం. నడవకుంటే నువ్వు ఆలూరుకి, కంప్యూటర్ అట్టపెట్టెలోకి."

శివలీల తలూపింది. మౌసు మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకుంది.

"ఏమక్కా?" అన్నాను.

"కాలేజీలో ఒక కంప్యూటర్‌కి పదిమందిమి. నేను ఎప్పుడూ వెనక నిలబడి రికార్డు రాసుకునేదాన్ని. పొయ్యికి తగిలించినదాన్ని ముట్టుకోవడం ఇదే మొదలు. ఏమన్నా కాలిపోతే?" అంది.

ఆ ముక్క తాత చెవిన పడిందో లేదో నాకు తెలియదు. ఆయన మూలన కుర్చీలో కూర్చుని వక్క కొరుకుతున్నాడు. మరుసటి రోజు నుంచి ఆ కుర్చీ శివలీల పక్కకి వచ్చింది. "అంగడి మూసినాక నాకు పొద్దు పోతాల్యా" అన్నాడు. చిన్నాయన నుదురు కొట్టుకున్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు రాసే పని లేదు, అంతా బొమ్మలే. తెర మీద రెండు కిటికీలు. ఒకదాంట్లో మీటరు, బల్బు, తిప్పే మీట. రెండోదాంట్లో వాటి వెనకుండే పెట్టెలూ, వాటిని కలిపే తీగలూ. మౌసుతో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి తీగ లాగితే అదే ప్రోగ్రాం.

"ముందర అంగడి, వెనక గోడౌను" అన్నాడు తాత. శివలీల నవ్వింది. ఆ ల్యాబులో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆమె వేడి కొలిచే పెట్టె పెట్టింది. దాన్నుంచి నారింజ రంగు తీగ లాగి, మనకు కావలసిన వేడితో పోల్చే పెట్టెకి కలిపింది. అక్కడి నుంచి పచ్చ చుక్కల తీగ పొయ్యికి. వేడి తక్కువుంటే పొయ్యి వెలగాలి, ఎక్కువైతే ఆరాలి. అన్నిటి చుట్టూ ఒక బూడిదరంగు చట్రం గీసింది.

"ఇదేమి?" అన్నాడు తాత.

"దీని లోపలుండేది మళ్ళీ మళ్ళీ జరుగుతాది తాతా."

"ఎంతవరకు?"

"ఆపేవరకు."

తాత నోట్లో వక్క ఆగిపోయింది. "ఆపేదెట్ల?"

శివలీల నడిపించే బాణం గుర్తు నొక్కబోయింది. బాణం రెండు ముక్కలుగా విరిగి ఉంది. దాని మీద నొక్కితే తప్పేమిటో చూపించింది. చట్రం మూలన ఒక చిన్న ఎర్ర చుక్క ఉంది, దానికి తీగ తగిలించలేదట.

"ఎప్పుడు ఆగాల్నో నేను చెప్పల్యా తాతా. చెప్పేదాంకా మొదలుపెట్టదంట."

తాత లేచి నిలబడ్డాడు. మానిటర్‌ని మనవడి తల నిమిరినట్లు నిమిరాడు. "ఇది మా ఇంట్లో పుట్టాల్సింది" అన్నాడు.

ఆ రోజు నుంచి మాకు వేరే కథ లేదు. శివలీల ఒక చిన్న బటన్ పెట్టింది. తాతకు కనపడలేదన్నాడు. పెద్దది చేసింది. ఇంకొంచెం అన్నాడు. చివరికి అది దోసె పెనమంత అయ్యి, మీటరుని ఒక మూలకి నెట్టేసింది. దాని మీద 'ఆపు' అని తెలుగులో ఉండాలన్నాడు. ఆమె మౌసుతో గీసి అతికించింది. ఆ అక్షరాలు కల్లు తాగి నిలబడినట్లున్నాయి.

పైన వరసలో అన్నిటినీ ఒక్కసారి తెంపేసే ఇంకో గుర్తు కూడా ఉంది. శివలీల ఒకరోజు కంగారులో దాన్నే నొక్కింది. తెర మీద అంతా ఆగింది. పొయ్యి మీద ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

"తెర ఆగింది. పొయ్యి ఆగల్యా" అన్నాడు తాత. "అంగడి షట్టరు దించితే లోపల దీపం ఆరిపోతాదా? ముందు దీపం ఆర్పాల, తర్వాత షట్టరు."

శివలీల కాసేపు ఆలోచించి, చట్రం బయట ఇంకో పెట్టె పెట్టింది. 'ఆపు' నొక్కితే చట్రం పని ముగుస్తుంది, అక్కడి నుంచి తీగ బయటికొచ్చి పొయ్యిని ఆర్పేస్తుంది. దాన్ని కుదర్చడానికి ఆమెకు చాలా పొద్దు పట్టింది. తాత పక్కనే కూర్చుని, "నడిపించు... ఆపు. నడిపించు... ఆపు" అంటూనే ఉన్నాడు. టీ తెచ్చినవాడికి, కరెంటు బిల్లువాడికి, చివరికి అడ్రసు అడగడానికి వచ్చినవాడికి కూడా ఆపి చూపించమన్నాడు.

చిన్నాయన ఓపిక చచ్చిపోయింది. "వారమంతా చేసింది ఆపేదొక్కటేనా? మొదలుపెట్టేది ఎప్పుడు నాయనా?"

"మొదలుపెట్టేదానికేముందిరా. నిన్ను కూడా మొదలుపెట్టినాం. ఆపేదే చేతకాల్యా."

చిన్నాయన బయటికెళ్ళి సిగరెట్టు వెలిగించుకున్నాడు. శివలీల వైపు చూసి మాత్రం, "వచ్చే శుక్రవారం. గుర్తుండాల" అన్నాడు. ఆమె మొహం వాడిపోయింది. కానీ చెయ్యి మౌసు మీదే ఉంది. ఈమధ్య అది గాల్లో ఆగడం లేదు. "ఈ తీగ ఇట్ల కలిపితే ఏమవుతాదో చూస్తాం తాతా. తేడా వస్తే ఆపుదాం లే" అనడం కూడా మొదలుపెట్టింది.

శుక్రవారం వచ్చింది. మా ఇంట్లో కొత్త తక్కెడ కొన్నా, కొత్త సుత్తి కొన్నా పసుపు కుంకుమ పెట్టకుండా వాడరు. చిన్నాయన పొద్దున్నే కంప్యూటర్‌కి బొట్టు పెట్టాడు. పొయ్యికి పెట్టాడు, మౌసుకి పెట్టాడు, నాకూ పెట్టాడు. పొయ్యి నెత్తిన ఉన్న రంధ్రంలోంచి వేడి కొలిచే కడ్డీని బయటికి లాగి, దానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, పళ్ళెంలో తమలపాకు మీద పడుకోబెట్టాడు. మల్లెపూలు కప్పాడు. హారతిచ్చాడు. అప్పుడే బయట కారు ఆగిన చప్పుడైంది. పళ్ళెం సంగతి అందరం మరిచిపోయాం.

హరినాథ్ గారు లావుపాటి మనిషి, మాట తక్కువ. తెచ్చిన గింజల్ని పొయ్యిలో పెట్టించాడు. చిన్నాయన శివలీలను పక్కకి జరిపి, బాణం తానే నొక్కాడు. మీటరు ముప్పైమూడు చూపించింది. పొయ్యి దీపం వెలిగింది.

"నూట అయిదుకి పోయి ఆడనే నిలబడుతాదన్నా" అన్నాడు చిన్నాయన.

కాసేపయింది. ముప్పైమూడు.

"నిదానంగా పోతాదన్నా. కొత్తది కదా."

ఇంకాసేపయింది. ముప్పైమూడు. గదంతా కమ్మటి వాసన.

హరినాథ్ గారు ముక్కు ఎగరేశాడు. "ఏమప్పా ప్రసాదూ, శెనక్కాయలు ఆరబెడతాండావా, వేయిస్తాండావా? బెల్లం ఉంటే తెప్పించు."

చిన్నాయన మొహం తెల్లబడింది. పొయ్యి సందుల్లోంచి పొగ సన్నగా బయలుదేరింది. ఆయన నీళ్ళ బకెట్టు కోసం పరుగెత్తాడు. కరెంటు పొయ్యి మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో ఇంటర్ మధ్యలో ఆపేసిన నాకు కూడా తెలుసు, అందుకే ఆయన చొక్కా పట్టుకుని వేలాడాను. తాత మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. శివలీల వైపు చూస్తున్నాడు, అంతే.

శివలీల వంగి, దోసె పెనమంత ఎర్ర బటన్ నొక్కింది. తెర ఆగింది. వెంటనే పొయ్యి దీపం ఆరింది. పొగ కూడా ఇక చాలన్నట్లు తగ్గిపోయింది.

ఆమె పొయ్యి నెత్తిన ఖాళీ రంధ్రం చూసింది. అక్కడి నుంచి పళ్ళెం వైపు చూసింది. మల్లెపూలు తీసి కడ్డీని పైకెత్తింది.

"సార్, బొట్టు పెట్టి దీన్ని మళ్ళా లోపల పెట్టల్యా మీరు. పాపం ఇది ఇంతసేపూ తమలపాకు ఎంత వేడిగా ఉండాదో చెప్తాండాది. పొయ్యి సల్లగా ఉండాదనుకుని మంట పెట్టుకుంటా పోయింది."

హరినాథ్ గారు లేచాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకున్నాం. శివలీల కడ్డీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆయన పోయి ఆ ఎర్ర బటన్‌ని దగ్గర్నుంచి చూశాడు.

"నా మిల్లులో మొదలయ్యే మిషన్లు శానా ఉండాయి. చెప్పంగానే ఆగేది ఒక్కటి ల్యా. ఏదమ్మా, ఇంకోసారి మొదలుపెట్టు."

ఈసారి చిన్నాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. శివలీల కడ్డీ తుడిచి లోపల పెట్టింది, కొత్త గింజలు పోసి, బాణం తానే నొక్కింది. మీటరు లేచింది, నూట అయిదు దగ్గర నిలబడింది. మేం వేగిపోయిన గింజల్ని బెల్లంతో తింటూ దాన్ని చూశాం. పోయేటప్పుడు హరినాథ్ గారు, "సోమవారం నుంచి సంచులు పంపిస్తా. పొయ్యి దగ్గర ఈ పాపనే ఉండాల" అన్నాడు. చిన్నాయన ముందే అనుకున్నట్లు తలూపాడు.

సాయంత్రం శివలీల నాతో అంది, "తాతకు మిషన్లంటే శానా భయం కదా వాసవీ? పాపమని ఆయన కోసమే బటన్ అంత పెద్దది చేసినా. అదే నన్ను కాపాడింది."

అదే మాట నేను బొజ్జన్నకు చెప్పాను. ఆ పూట ఆటోలో నేనొక్కదాన్నే ఎక్కాను. బొజ్జన్న పకపకా నవ్వాడు.

"మీ తాతకా భయం? ఒక్కడే వచ్చినాడంటే బ్రేకు మాటే ఎత్తడు మే. నా పక్కన సగం బయట వేలాడతా కూర్చుంటాడు. లారీ అడ్డమొస్తే, 'కొట్టు, కొట్టు, ముందరికి పోనీ' అంటాడు. మీ అవ్వ ఉంటేనే ఆ విచారణంతా. ఆ యమ్మ ఒకసారి ఆటోలోంచి పడింది కదా, నీకు తెల్దా?"

నాకు తెలియదు. ఇల్లు చేరేదాకా నా కళ్ళ ముందు రంకులరాట్నం తిరుగుతూనే ఉంది. ఆ రోజు పంచె అంచు పట్టుకుని వణికింది ఎవరో అప్పటికిగానీ నాకు గుర్తు రాలేదు.

ఆదివారం ముగ్గురం పెండ్లికి బయలుదేరాం. బొజ్జన్న ఆటో ఆగింది. లోపల జనం ఒకరి ఒళ్ళో ఒకరు. తాత ఎప్పటిలాగే కింద నిలబడ్డాడు.

"బొజ్జన్నా, బ్రేకు ఉండాదా?"

నాకు నవ్వొచ్చింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో గుసగుసలాడింది. "నవ్వద్దు మే. మీ తాతకు ఆటో అంటే భయం, పాపం. ఆయన ముందర మనం ధైర్యంగా ఉండాల."

ఆమె అరచెయ్యి తడితడిగా ఉంది. తాత నా వైపు చూశాడు, చూసి వక్క నోట్లో వేసుకున్నాడు.

బొజ్జన్న బ్రేకు తొక్కాడు. కిర్రుమంది.

"ఇంకోసారి తొక్కప్పా," అన్నాను నేను, "మా తాతకు వినపడల్యా."