పొట్ట దగ్గర ఒత్తిన మురుకులు

యలహంకలో అలివేలుకు పదవులేవీ లేవు. అయినా ఆ వీధిలో ఏ శుభకార్యమైనా ఆమె మురుకులు ఒత్తాకే మొదలైనట్టు లెక్క. నేల మీది పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, ఇత్తడి గొట్టం పిడులు రెండూ గుప్పిట బిగించి, కాగే నూనెలోకి నేరుగా చుట్టలు తిప్పేది.

2004లో కొడుకు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఫ్లాటు కొన్నాడు. అందరూ అక్కడికి మారాక చూస్తే, పొయ్యి గట్టు మీద ఉంది. కూతురు కళ్యాణి సీమంతం దగ్గర పడగానే అలివేలు గొట్టం పట్టింది. బాణలి అంచు ఛాతీ దాకా వచ్చింది. మోచేతులు భుజాల ఎత్తుకు లేచాయి, మణికట్లు వంగాయి, పిండి మాత్రం కదల్లేదు.

"నా సత్తువ అయిపోయినట్టుండాది" అంది.

"పోనీలే అత్తా, బేకరీలో ఆర్డర్ ఇచ్చేద్దాం. ప్యాక్ చేసి ఇస్తారు" అని కోడలు హేమలత ఓదార్చింది.

కూతురి సీమంతానికి బేకరీ మురుకులు! అలివేలు కుర్చీలో కూలబడింది.

ఫిట్టరుగా రిటైరైన భర్త తిరుపాలు, యంత్రాన్ని పరీక్షించే బాధ్యత స్వీకరించాడు. సోఫాలో కూర్చుని, గొట్టాన్ని పొట్ట దగ్గర పట్టుకుని నొక్కాడు. చక్కటి మురుకొకటి లుంగీ మీద వెలసింది.

"గొట్టం బాగనే ఉండాదే. నీ చేతులకే వయసైపోయింది."

"నాకంటే ఏడేండ్లు పెద్దోడివి. నీ చేతులేమన్నా నిన్న పుట్టినాయా? ఇట్లా తే."

మోచేతులు పక్కలకు ఆనించి, మణికట్టు నిటారుగా ఉంచి ఒత్తింది. పిండి దిగింది. భుజాల ఎత్తుకు లేపి ఒత్తింది. దిగలేదు. మళ్లీ కిందికి దించింది. విచారణ ముగిసేసరికి తిరుపాలు లుంగీ సాక్ష్యాలతో నిండిపోయింది.

"సత్తువ యాడికీ పోలా. మోచెయ్యి లేస్తే గుప్పిట్లోకి రాదంతే."

"అయితే స్టవ్వు కింద పెట్టుకో."

"సిలిండర్ కంటే స్టవ్ కిందుండకూడదు మామా, డేంజర్!" అంది హేమలత.

ఇక మిగిలింది చిల్లుల గరిటె. పొట్ట దగ్గర దాని మీద ఒత్తి, నూనెలోకి జార్చడం. హొసకోటెలో ఆడపడుచు కమలమ్మ పద్ధతి అదే. అందుకే అలివేలు ఆమెను ఇన్నేళ్లుగా వంటవాళ్లలో జమ కట్టలేదు. అలివేలు బాణలి వైపు చూసింది. బేకరీ నంబరు వెతుకుతున్న కోడలి వైపు చూసింది.

"గరిటెకు నూనె రాయి," అంది. "ఏమప్పా, తలుపు గడియ పెట్టు. మీ చెల్లెలొస్తే నేను స్నానం చేస్తా ఉండానని చెప్పు."

సాయంత్రానికి రెండు డబ్బాలు నిండాయి.

సీమంతం నాడు కమలమ్మ ఒక మురుకు కొరికి, కళ్లు మూసుకుంది.

"ఏమన్నా చెప్పు వదినా, నూనెలోకి నేరుగా ఒత్తితే వచ్చే కరకరే వేరు!"

అలివేలు వినయంగా తల వంచి, ఆమె ఆకులో ఇంకో రెండు వేసింది.