గొంతు పోతే దుమ్మే అనుకున్నాం

ఆ ఉదయం గోదావరిఖని గ్రౌండ్‌లో మా తమ్ముడు సామ్యేల్ "మానసా, ముందుకు రా" అని అరిచాడు. గోల్‌కీపర్ మానస కదల్లేదు. పక్కనే నిలబడ్డ నాకే ఆ మాట ఉత్త గాలిలా వినిపించింది.

"సార్ ఇయ్యాల తిడ్తలేడేందే?" అని అమ్మాయిలు నవ్వుకున్నారు.

సామ్యేల్ కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఆరేళ్లు వింగర్‌గా ఆడాడు. మోకాలు చెడి తిరిగొచ్చాక ఇక్కడి అమ్మాయిల జట్టుకు కోచ్ అయ్యాడు. అరవకుండా ఆట నేర్పవచ్చని అతనికి తెలియదు.

గొంతు బొంగురుపోతే మా దగ్గర అందరూ ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని దుమ్మునే తిడతారు. మా బాపు గనిలో బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగే హాలేజీ యంత్రం నడిపి రిటైరయ్యాడు. షిఫ్టు దిగగానే బెల్లం ముక్క నమలడం ఆయన అలవాటు. అదే ముక్క తమ్ముడి చేతిలో పెట్టి "దుమ్మేరా, దిగిపోతది" అన్నాడు. పేపరులో ఏళ్ల తరబడి దుమ్ము మీద వార్తలు రాసిన నేనూ అదే అన్నాను. మూడు నెలలు బెల్లంతోనే గడిచాయి.

కరీంనగర్‌లో ఈఎన్‌టీ డాక్టరు మొదట అడిగింది ఒక్కటే. "ఎన్ని వారాల నుంచి?"

గొంతులోకి సన్నటి కెమెరా గొట్టం, స్కోప్, వేసి చూశారు. "లెఫ్ట్ వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉంది. బయాప్సీ చేయాలి. సిగరెట్ అలవాటుందా?"

"ఆట బందయినంక షురూ చేసిన సార్."

రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది, ఎర్లీ స్టేజ్. హైదరాబాద్‌లో ఆరు వారాల రేడియేషన్ మొదలైంది. "నయమవుతుంది. గొంతు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను" అన్నారు అక్కడి డాక్టరు. తమ్ముడు రెండో మాటే విన్నాడు.

మాట్లాడొద్దన్నారు, గుసగుసలు కూడా వద్దన్నారు. అతనికి కుదురు లేదు. వెయిటింగ్ హాల్లో ఖాళీ వాటర్ బాటిల్‌ను కాలితో తోస్తూ తిరిగేవాడు. సెక్యూరిటీ మనిషి ఒకటి తీసేస్తే ఇంకొకటి వెతుక్కునేవాడు. నాలుగో వారానికి మెడ నల్లబడింది, గంజి కూడా మింగుడు పడలేదు. ఆ ఆదివారం నాకు చెప్పకుండా బస్సెక్కి గోదావరిఖని పోయాడు. మ్యాచ్‌లో డిఫెన్స్ చెదిరింది. ఉండబట్టలేక అరిచాడు. సోమవారం ఉమ్మిలో రక్తం చార కనిపించింది.

"కోచింగ్ కావాలా, గొంతు కావాలా?" డాక్టరు గట్టిగానే అడిగారు.

తమ్ముడు చీటీ రాసిచ్చాడు: "రెండూ ఒకటే కద సార్."

చూడ్డానికొచ్చిన బాపు ఆ చీటీ చదివాడు. "ముప్పై ఏండ్లు హాలేజీ నడిపిన. లోపలున్నోని మొకం నాకెన్నడన్న కనవడ్డదా? గంట ఇని నడిపిన. ఒక్కటి కొడితే ఆగుడు. ఎవడన్న అరిసిండారా?"

తమ్ముడు ఆ రోజే విజిల్ తెప్పించుకున్నాడు.

ఇప్పుడు చికిత్స ముగిసి ఎనిమిది నెలలు. గొంతు సగమే తిరిగొచ్చింది. మళ్లీ స్కోప్ వేయించుకునే తేదీ దగ్గర పడితే ఇల్లంతా తిరుగుతూనే ఉంటాడు. గ్రౌండ్‌లో మాత్రం విజిలే: ఒకటి ఆగడానికి, రెండు ముందుకు, మూడు వెనక్కి.

"మీ తిట్లే నయముండె సార్" అంటుంది మానస.

నిన్న చాయ్ తాగుతూ బాపు గొంతు సవరించుకుని బెల్లం డబ్బా అందుకున్నాడు.

"ఎన్ని వారాల సంది బాపూ?" తమ్ముడి బొంగురు గొంతు.

"దుమ్మేరా."

తమ్ముడు జేబులోంచి విజిల్ తీసి ఒక్కసారి ఊదాడు. బాపు చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది.

రేపు పొద్దున ముగ్గురం కరీంనగర్ పోతున్నాం. గొంతు మారి మూడు వారాలు దాటితే కారణం మీకు మీరే చెప్పుకోకండి. ఈఎన్‌టీ డాక్టరును స్కోప్ వేసి చెప్పమనండి.