ఎదురు కొట్టాయన చెప్పిన కథ

మొదట్లో వాళ్లు చేపల చెరువులు లీజుకి తీసుకోవడానికొచ్చిన బేరగాళ్లనుకున్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో నీళ్ల బాటిలు, మొహం నిండా చెమట. మా వలల కొట్టు ముందు ఆగుతారు, మెట్లకేసి చూస్తారు, ఒక్క వల కూడా బేరమాడకుండా పోతారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఒకరోజు ఒకాయన మా మెట్లకి ఫొటో తీస్తుంటే, "ఏవండీ, మెట్లు అమ్మమండీ. వలలే అమ్ముతాం" అన్నాను.

ఆయన సిగ్గుపడి చెవిలోది తీసి సంగతి చెప్పాడు. ఏలూరు నడిచి చూసేవాళ్ల కోసం ఎవరో కుర్రాళ్లు ఆడియో టూర్ తయారుచేశారట. కరెంటు స్తంభానికి అంటించిన బొమ్మని ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు, ఏ వీధిలో ఏం జరిగిందో ఆ వీధి పెద్దవాళ్ల గొంతులోనే వినబడుతుందట. "మీ మెట్ల మీద హత్య జరిగిందటగా అండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా.

జరిగింది. పోయింది మా నాన్న.

ఆయనకి కొల్లేటికోట దగ్గర ఒక చేపల చెరువులో వాటా ఉండేది. గట్టు దగ్గర తగాదా వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం తోటి వాటాదార్లు ముగ్గురొచ్చి, "ఏవండీ, ఒకసారి బయటికి రండి" అని పిలిచారు. మా వైపు మనుషులు నరకడానికొచ్చినా అండీ అనే పిలుస్తారు. అమ్మ అప్పుడు నల్లజర్లలో పుట్టింట్లో ఉంది. ఆ వేళకి వీధిలో ఉన్నది ఎదురు కిరాణా కొట్టాయన ఒక్కడే. కోర్టులో ఆయన, "షట్టరు దించుకుని పడుకున్నానండీ, ఏమీ చూళ్లేదండీ" అన్నాడు. సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు. ముగ్గురూ ఇళ్లకెళ్లి అన్నాలు తిన్నారు.

అమ్మతో మాత్రం, "నేను లేచొచ్చేసరికే ప్రాణం పోయిందమ్మా, బాధపడినట్టు లేదు" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకునే అమ్మ ఇన్నేళ్లూ బతుకు లాక్కొచ్చింది. మా ఇంట్లో పులుసు కాస్తే ఒక గిన్నె ఇప్పటికీ ఆయనకి వెళ్తుంది.

మర్నాడు కొట్టు అమ్మకి అప్పజెప్పి, నేనూ చెవుల్లో పెట్టుకుని కాలవ వంతెన దగ్గర మొదలెట్టాను. తమ్మిలేరు పొంగి ఇంట్లోకొచ్చినప్పుడు మేకని మంచం మీదెక్కించి తాము నీళ్లలో నిలబడ్డామని ఒక ముసలామె చెబుతుంటే నడిరోడ్డు మీద నవ్వాను. తివాచీలు నేసే పేటలో మగ్గాల పక్కన ఆగి విన్నాను. పుట్టి పెరిగిన ఊళ్లో ఏనాడూ తలెత్తి చూడని మేడలు చూశాను. నిజం చెప్పొద్దూ, బాగుంది. బాగున్నందుకు ఒళ్లు మండింది కూడా.

మా వీధి మలుపు తిరగ్గానే, "ఇక్కడ కొంచెం ఆగండి" అంది చెవిలో గొంతు. అది ఎదురు కొట్టాయన గొంతు.

"ముగ్గురండి. ఒకడి చేతిలో కత్తి, ఇద్దరి దగ్గర గునపాలు. మొదటి దెబ్బ భుజమ్మీద పడిందండి. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్లు తెగిపోయాయి." హరికథ చెప్పినట్టు, ఆగాల్సిన చోట ఆగి మరీ చెబుతున్నాడు. "వాళ్లు పోయాక పాక్కుంటూ వీధి దాటాడండి. ఎదురు కొట్టు షట్టరు కొట్టాడు. 'అన్నయ్యగారూ, తియ్యండి' అంటూ చాలాసేపు కొట్టాడండి. ఎవరూ తియ్యలేదు, పాపం. మళ్లీ పాక్కుంటూ వచ్చి ఆ మెట్ల మీద పడ్డాడండి."

ఎవరూ తియ్యలేదట! ఆ షట్టరు ఆయనదే. దాని మీద నెత్తురు ఎవరు కడిగారో కూడా చెప్పాల్సింది. నరికిన ముగ్గురూ ఈమధ్యే ఒకరి తర్వాత ఒకరు పోయారు, ఇక భయం లేదని ఈయనకి నోరు పెగిలింది. మెడ పట్టుకుని ఆ తలని అదే షట్టరుకేసి కొట్టాలనిపించింది, పగిలేదాకా. అంతలోనే అమ్మ కొట్లో ఉందని గుర్తొచ్చింది. ఇది అమ్మ చెవిన పడకూడదు. పరిగెత్తాను.

అమ్మ మా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో విసురు వల, దాని అంచుకి సీసం గుళ్లు కడుతోంది. పక్కనే ఎవరో కాలేజీ పిల్ల. ఇయర్‌ఫోన్ ఒకటి ఆ పిల్ల చెవిలో, రెండోది అమ్మ చెవిలో. అమ్మ చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"ఏం వింటున్నావమ్మా అని మామ్మగారే అడిగారండీ" అంది ఆ పిల్ల, నా మొహం చూసి బెదిరిపోయి.

అమ్మ చెవిలోది తీసి జాగ్రత్తగా ఆ పిల్ల చేతిలో పెట్టింది. వల చేతికి చుట్టుకుని లేచి వీధి దాటింది. ఎదురు కొట్టాయన కుర్చీలోంచి లేవబోతూ, "రండమ్మా" అన్నాడు. ఒక్కసారైనా నన్ను గట్టిగా గదమాయించి ఎరగని మా అమ్మ, ఆ వల అంచు తిప్పి ఆయన మొహమ్మీద కొట్టింది. సీసం ఎముకకి తగిలిన చప్పుడు నాకు వీధి ఇవతలికి వినబడింది. కనుబొమ్మ చీలిపోయింది. ఇంకో దెబ్బకి నోట్లోంచి నెత్తురు కారింది. ఆ తర్వాతి దెబ్బకి కుర్చీతో సహా కింద పడ్డాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డానే గాని ఆపలేదు. నాకు బాగుంది.

"ఎంతసేపు కొట్టారండీ మీ తలుపు?" అంది అమ్మ. గొంతు పెంచలేదు.

ఆయన మోచేతుల మీద లేచి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "తీస్తే నన్నూ చంపేసేవారమ్మా. నా పిల్లలు చిన్నవాళ్లమ్మా అప్పుడు" అన్నాడు.

అమ్మ నా జబ్బ పట్టుకుని లాగి, ఆయన ఎదురుగా నిలబెట్టింది.

"నేనప్పుడు దీన్ని కని పురిట్లో ఉన్నానండీ. దీని మొహం ఆయనింకా చూడనే లేదండీ."