చేప తిన్నాకే మన భోజనం

మా బావకు ఉన్నది ఒకటే జబ్బు. తన చేప భోంచేస్తే గాని తాను భోంచేయడు, ఎదురుగా ఉన్నవాళ్ళని భోంచేయనివ్వడు. ఆ ఇంటి గుమ్మం ఎక్కేవాళ్ళు "బాగున్నారా" అని అడగడం ఎప్పుడో మానేశారు. "తిన్నదా?" అని అడుగుతారు. జవాబును బట్టి చెప్పులు విప్పాలో, వచ్చిన దారినే వెళ్ళాలో తేల్చుకుంటారు.

బావ అంటే మా అక్క భర్త. పళ్ళ ఆసుపత్రిలో కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పొద్దస్తమానం ఎవరెవరివో దవడల అచ్చులు ముందు పెట్టుకుని, మైనం కరిగించి, అందులో పళ్ళు వరసగా గుచ్చుతుంటాడు. పనిలో అంత ఓపిక ఉన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ ఓపికంతా ఇంటికొచ్చాక ఎవరి మీద ఖర్చు పెట్టాలో తెలియక చేప మీద పెట్టాడని మా అక్క అంటుంది.

కిందటేడు హాల్లో గోడ పొడవునా గాజుతొట్టె పెట్టించి, ఉప్పునీళ్ళు నింపి, ఒక చేపను తెచ్చాడు. అరచేతి వెడల్పు ఒళ్ళు, పసుపు చారలు, సూదిలాంటి పొడుగు ముక్కు. సముద్రంలో రాళ్ళ సందుల్లో ముక్కు దూర్చి పురుగుల్ని లాక్కు తినే జాతి. చేపల దుకాణదారు ముందే హెచ్చరించాడట, ఇది తొట్టెలో తిండి ముట్టదండీ, చాలావరకు పస్తులుండి చచ్చిపోతాయి, ఇంకో రకం తీసుకోండి అని. ఆ మాట విన్నాక కూడా ఇంకో రకం తీసుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు?

చేప అన్నంత పనీ చేసింది. పొడి తిండి వేస్తే మూతి తిప్పుకుంది. ఆల్చిప్ప విప్పి మాంసం చూపిస్తే వెనక్కి తిరిగింది. బావ ఫ్రిజ్ మీద సీసాలు పేర్చి వాటిల్లో నలుసంత రొయ్యపిల్లల్ని పొదిగించాడు. అవి చేప చుట్టూ ఈదులాడాయి గాని చేప వాటిని పలకరించలేదు. రోజుకు రెండుసార్లు నీళ్ళలో ఉప్పు ఎంతుందో పరికరం పెట్టి కొలిచేవాడు. "చారులో ఉప్పు లేకపోయినా గుటకాయస్వాహా చేస్తాడు, చేపకి మాత్రం చిటికెడు తగ్గితే కంగారు" అని అక్క నా దగ్గర వాపోయింది.

ఐదో రోజున ఆసుపత్రికి సెలవుచీటీ పంపాడు. కారణం దగ్గర "ఇంట్లో ఒకరు భోజనం ముట్టడం లేదు" అని రాశాడు. పెద్ద డాక్టరు గారు పాపం కంగారుపడి ఆకలి పుట్టించే టానిక్కు ఒక సీసా, పళ్ళ బుట్ట పంపించారు. పళ్ళు మేం తిన్నాం. టానిక్కు సంగతి బావ రెండు రోజులు తీవ్రంగా ఆలోచించి వదిలేశాడు.

తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లో నిజంగానే ఒకరు భోజనం ముట్టడం లేదు. మా అమ్మ.

అమ్మ అక్క దగ్గరే ఉంటుంది. నేను రెండు వీధుల అవతల ఉంటాను. పళ్ళన్నీ పోయాక బావే అమ్మకు సెట్టు చేసి ఇచ్చాడు. కొత్తలోనే చుట్టాలింట్లో విందుకు వెళితే, ఏదో మాటకు నవ్వబోయేసరికి పై సెట్టు ఊడి పళ్ళెంలో పడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఆపుకోలేక నవ్వారు. నేనూ నవ్వాను, దాచడం దేనికి. అమ్మకు తలకొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నలుగురిలో కూర్చుని తినడం మానేసింది. పళ్ళెం తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకునేది, సగానికి సగం అలాగే తిరిగొచ్చేది. చివరికి పాలు, జావ దగ్గరికి దిగింది. ఒంటిమీద బట్టలు వేలాడుతున్నాయి.

బావ ఇంకో సెట్టు చేశాడు, కొలతలు మార్చి మూడోదీ చేశాడు. "పళ్ళలో లోపం లేదు బాబూ. నలుగురి ముందూ నోరు తెరవబుద్ధి కావడం లేదు" అంది అమ్మ. బావ తలూపి తొట్టె దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లి లాంటి అత్తగారు చిక్కి శల్యమవుతుంటే పట్టదు, చేప తినలేదని సెలవు పెడతాడా అని వారం రోజులు మాట్లాడలేదు. బావ గమనించినట్టు లేదు.

పన్నెండో రోజున బావకు ఆలోచన తట్టింది. అమ్మ వద్దన్న మొదటి సెట్టు తీసి, దాని పళ్ళ సందుల్లో ఆల్చిప్ప మాంసం మెత్తగా నూరి కూరాడు. ఇలాంటి పని కట్టుడు పళ్ళు చేసేవాడికి తప్ప ఇంకెవడికీ తోచదు. సెట్టును తొట్టె అడుగున రాతికి ఆనించాడు. చేప చుట్టూ తిరిగింది, ఎగాదిగా చూసింది, కోరపన్ను పక్కన ముక్కు దూర్చి ఒక పోగు లాగింది. బావ ఊరందరికీ ఫోన్లు చేశాడు.

అమ్మ గదిలోంచి వచ్చి చూసింది. "నా నోట్లో కంటే అక్కడే అందంగా ఉన్నాయి" అంది. విందు తరవాత అమ్మ పరాచికమాడడం అదే మొదలు.

ఇక నిబంధనలు మొదలయ్యాయి. రాత్రి ఏడున్నరకు మా ఆవిడా నేనూ సహా అందరం తొట్టె ఎదురుగా ఒకే వరసలో కుర్చీలు వేసుకుని పళ్ళేలు ఒళ్ళో పెట్టుకోవాలి. లైట్లన్నీ ఆర్పాలి, తొట్టెలో గుడ్డి నీలం బల్బు ఒకటే ఉంటుంది. తలలు పక్కకు తిప్పకూడదు, తిప్పితే చేప బెదురుతుంది. కొత్తగా ఒక పంపు కూడా పెట్టాడు, అది కుతకుత ఉడికే గంగాళంలా చప్పుడు చేసేది. ఆ చప్పుడు లేకపోతే చేపకు ధైర్యం చాలదట. చేప మొదటి ముద్ద తీసుకుందని బావ ప్రకటించాక మేం మొదలుపెట్టాలి.

"అత్తయ్యగారూ, మీరూ రావాలి. నిన్న మీరు లేరని అది ముట్టలేదు" అన్నాడు.

ఒక మూగజీవి పస్తుంటే చూడలేక అమ్మ వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది.

అలా మూడు నెలలు తిన్నాం. చీకట్లో అయిదుగురం వరసగా కూర్చుని, నీళ్ళలో నవ్వుతున్న పళ్ళ సెట్టును చూస్తూ. మా ఆవిడ మొదటి రోజే చెంచా ముక్కులో పెట్టుకుంది. నాకు పళ్ళెంలో ఏముందో తిన్నాక గాని తెలిసేది కాదు. బావకు పిచ్చి ముదిరిందని అక్కా నేనూ ఒక నిర్ణయానికొచ్చాం.

ఒకరోజు నేనే చేపల దుకాణానికి వెళ్ళి, మా రాత్రి భోజనాల తంతంతా చెప్పి, ఆ చేపకు వెలుతుర్లో తినే అలవాటు చేయడానికి మందేమైనా ఉందా అని అడిగాను. దుకాణదారు నా వంక జాలిగా చూశాడు. "వెలుతుర్లోనే తింటుందండీ. చీకటి పడితే రాతి పక్కన నిద్రపోతుంది. పంపు చప్పుడెందుకు? మనుషులెందుకు?"

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే బోధపడింది. చీకటి కావలసింది చేపకు కాదు. పక్కవాళ్ళు తల తిప్పితే బెదిరేదీ చేప కాదు. పళ్ళు టకటకలాడితే వినిపించకుండా ఉండడానికే ఆ పంపు. విందులో నవ్విన వాళ్ళలో నేనొకణ్ణి. ఈయన మూడు నెలలుగా పిచ్చివాడనిపించుకుంటూ మా అమ్మ నోటికి తెర కట్టాడు. నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో బావను పట్టుకుని, దుకాణానికి వెళ్ళొచ్చానని చెప్పాను. ఆయన ముందు హాల్లోకి తొంగిచూశాడు.

"మెల్లిగా మాట్లాడు. నిన్న మీ అమ్మ రెండోసారి వడ్డించుకుంది" అన్నాడు.

లైట్లార్పి కూర్చున్నాం. బావ గొంతు సవరించుకుని, చేప ముద్ద తీసుకుందని ప్రకటించబోతున్నాడు. చివరి కుర్చీలోంచి అమ్మ మాట్లాడింది.

"బాబూ, ఇవాళ లైటు వేసుకుందామా?"

"చేప బెదురుతుంది అత్తయ్యగారూ."

"అది మధ్యాహ్నమే తినేసింది. రోజూ పన్నెండింటికి నేనే పెడుతున్నా. పట్టపగలు శుభ్రంగా తింటుంది. మీకే చీకట్లో తప్ప ముద్ద దిగదేమో, పైకి చెప్పుకోలేకపోతున్నారేమోనని ఇన్నాళ్ళూ సర్దుకుపోయాను."

అక్క లేచి లైటు వేసింది. బావ పెళ్ళినాడు కూడా అంత సిగ్గుపడి ఉండడు. అక్క ఆయన వంక చూసింది, అమ్మ వంక చూసింది, సంగతి అర్థమై కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తరవాత, పొద్దున్నపూట చేపకు తానే పెడుతున్నానని చల్లగా ఒప్పుకుంది.

లైట్లార్పకముందు బావ పెట్టేదీ కలిపితే, పస్తులుండి చచ్చిపోతుందన్న చేప మూడు పూటలా మెక్కుతోందన్నమాట. తొట్టెలోకి చూస్తే రాతి పక్కన బొజ్జ వేసుకుని నిద్రపోతోంది.

అమ్మ ఆ వంకే చూడలేదు. రొట్టె చుట్టూ ఉన్న గట్టి అంచులు అమ్మ నమలలేదని బావ రోజూ కోసేసి పక్కన పెడతాడు. అమ్మ చెయ్యి చాచి ఆ అంచు ముక్కల్లో అన్నిటికంటే పెద్దది తీసుకుంది. పంపు ఆపెయ్యమని నాకు సైగ చేసి, మేమంతా చూస్తుండగా కరకరా నమిలింది.