వేలంలో మా పెద్దమ్మ గిన్నె

మొన్న మారేడ్‌పల్లిలో కొత్తగా పెట్టిన కాఫీ దుకాణానికి మా కోడలు నన్ను తీసుకెళ్లింది. కాఫీ సంగతి చెప్పను, చెప్పుకోదగ్గది కాదు. కౌంటరు మీద అలంకారానికని ఒక పాతకాలపు తెల్ల గిన్నె పెట్టారు. దాని పక్కభాగం మీద నీలం పువ్వుల బొమ్మ, అటూ ఇటూ పట్టుకోవడానికి పొట్టి చెవులు. అందులో మట్టి నింపి ముళ్లమొక్క నాటారు. నేను ఉండబట్టలేక లేచి వెళ్లి, గిన్నెను కాస్త ఎత్తి అడుగు చూశాను. ముద్ర ఉంది. అసలు సరుకే. కౌంటరు దగ్గరి పిల్ల కంగారుగా "ఆంటీ, అది అమ్మేది కాదు" అంది. "మొక్కలు పెంచేది కూడా కాదమ్మా, వండుకునేది" అన్నాను. మా కోడలు నా మోచెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను కాబట్టి కూర్చున్నాను. మా పెద్దమ్మే అయితే ఆ మొక్కను పీకి పిల్ల చేతిలో పెట్టి, గిన్నెను కొంగుతో తుడుచుకుని ఇంటికి తెచ్చేసుకునేది.

నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు లాలాగూడలో మా పెద్దమ్మా పెదనాన్నల ఇంట్లోనే ఉండేదాన్ని. వాళ్లది గుంటూరు వైపు. పెదనాన్న రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా, మాకిచ్చింది రైల్వే క్వార్టరు. ఉన్నది చిన్న ఇల్లు. అందులో మనుషులకు కేటాయించిన చోటు ఇంకా చిన్నది. మిగతాదంతా తెల్ల గిన్నెలది. అవి పింగాణీ కావు, మామూలు గాజూ కావు. గాజునే ఏదో ప్రత్యేకంగా కాల్చి గట్టిపరిచిన సరుకట. పొయ్యి మీద పెట్టినా పగలదు. అప్పట్లో మా చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఒక్కొక్కటే ఆస్ట్రేలియాకు వెళ్లిపోతుండేవి. వెళ్లే ముందు ఇంట్లో సామానంతా వరండాలో పరిచి అమ్మేవారు. ఎవరి మంచాల కోసం వాళ్లు, ఎవరి కుర్చీల కోసం వాళ్లు వెళితే, మా పెద్దమ్మ వంటింటి సామాను దగ్గర చతికిలబడేది. విదేశాల్లోని చుట్టాలు ఎప్పుడో పంపిన ఆ తెల్ల గిన్నెలను ఒక్కొక్కటీ బోర్లించి ముద్ర చూసి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, అప్పుడు బేరమాడేది.

కొనేది అమ్మడానికేనని ఆవిడ అందరికీ చెప్పేది. మేమూ అలాగే నమ్మేవాళ్లం. తీరా ఎవరైనా కొనడానికి వస్తే, వాళ్లు ఆవిడకు నచ్చాలి. ముందు ప్రదర్శన ఉండేది. బండివాడి దగ్గర ఐసు తెప్పించి, గిన్నెను అందులో పాతిపెట్టి, బాగా చల్లబడ్డాక తీసి తిన్నగా మండే కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టేది. ఒకావిడ చెవులు రెండూ మూసుకుని వీధిలోకి పరుగెత్తింది. గిన్నె మాత్రం ఉలకదు, పలకదు. "చూశారా, రాకెట్టు ముక్కుకు వేసే సరుకండీ ఇది" అని పెద్దమ్మ అంటుంటే, రాకెట్టును కూడా తనే వదిలినంత ధీమా. తర్వాత ప్రశ్నలు. మీ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? పీచుతోనా, గుడ్డతోనా? బూడిద వాడతారా? బూడిద అన్న మాట వినపడితే ఆ బేరం ఇక అయిపోయినట్టే. చిలకలగూడలో ఒకరికి అమ్మి, కొన్నాళ్లకు పలకరించే నెపంతో వెళ్లి చూస్తే, గిన్నెలో ఉల్లిపాయలు పోసి ఉన్నాయట. అక్కడికక్కడే డబ్బు తిరిగిచ్చి, ఉల్లిపాయలు వాళ్ల ఒళ్లో పోసి, గిన్నెను చంకన పెట్టుకుని వచ్చేసింది.

పెదనాన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆయన షర్టులు ట్రంకుపెట్టెలో ఉండేవి, బీరువాలో గిన్నెలుండేవి. అన్నం మాత్రం స్టీలు కంచంలోనే తినాలి. ఒకసారి నాతో రహస్యంగా, "నాకు కూడా అడుగున ముద్ర ఉంటే ఆ బీరువాలో చోటు దొరికేదేమోనమ్మా" అన్నారు. అలాంటిది ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చిలకలగూడలో రెండు గదుల వాటా మాట్లాడుకున్నాం. అందులో మేమైనా పట్టాలి, గిన్నెలైనా పట్టాలి. పెద్దమ్మ చాలా రోజులు ముఖం ముడుచుకుని తిరిగి చివరికి ఒప్పుకుంది. ఒకటే షరతు పెట్టింది. గిన్నెలు చెట్టుకొకటి, పుట్టకొకటి కాకూడదు, అన్నీ కలిసి ఒకే ఇంటికి పోవాలి. దానికి తగ్గట్టే నేరేడ్‌మెట్ నుంచి ఒక మిలిటరీ ఆఫీసరు భార్య వచ్చింది. ఐసు ప్రదర్శనకు అదరలేదు, బూడిద పేరెత్తలేదు. చిన్నవాటి నుంచి మూతున్న పెద్ద గిన్నె దాకా మొత్తం తీసుకుంటానంది. ఆవిడకు అసలు కావలసింది ఆ పెద్దదే. అది లేకపోతే మిగతావేవీ అక్కర్లేదని కూడా చెప్పింది. పండుగ వెళ్లాక వచ్చి పట్టుకెళ్లేట్టు మాట అయింది.

పండుగంటే మా చర్చిలో కోత పండుగ. ఆ ఆదివారం ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, చెరుకుగడలు, కాళ్లు కట్టిన కోళ్లు, కేకులు, వండిన కూరలు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక అవన్నీ దేవుడివి. ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. కూర ఏ పాత్రలో తెస్తే ఆ పాత్రతో సహా పాట. అందుకని ఆ రోజు ప్రతి ఇంట్లోంచీ సొట్టపడిన గిన్నెలే బయల్దేరేవి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా చర్చిలో ఒకావిడ ఏటా ఒకే కోడిపుంజును కానుకగా తెచ్చి, వేలంలో తనే పాడుకుని ఇంటికి తీసుకెళ్లేది. ఆ పుంజు చర్చి సభ్యులందరినీ గుర్తుపట్టేది. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలైన మా పెద్దమ్మకు ఇది కంటగింపై, ఎవరి కానుకను వాళ్లు పాడుకోకూడదని నిలబడి తీర్మానం చేయించింది. "ఇచ్చినట్టే ఇచ్చి ఎత్తుకుపోవడం దేవుడితో దాగుడుమూతలు ఆడటం" అని ఆవిడ చేసిన ప్రసంగం ఆ ఏడాదంతా చెప్పుకున్నారు.

ఆ ఉదయం పెద్దమ్మ కోడిపలావు వండి, నేరేడ్‌మెట్ ఇంటికి పోయేలోగా ఒక్కసారైనా వాడుకోవాలని ముచ్చటపడిందేమో, పెద్ద తెల్ల గిన్నెలోనే దమ్ము పెట్టింది. "అల్యూమినియం గిన్నెలోకి మార్చి తీసుకెళ్లండి, నేను తలదువ్వుకుని వస్తాను" అని పెదనాన్నకు చెప్పింది. ఆయన అల్యూమినియం గిన్నె తీసి చూశారు. సొట్ట. మూత కూడా దానిది కాదు. పాత్రతో సహా పాట అన్న సంగతి మరిచిపోయి, దేవుడి ముందు ఇదేం మర్యాద అనుకున్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయం బహుశా అదొక్కటే. తెల్ల గిన్నెను తువ్వాలులో చుట్టి, సైకిల్‌రిక్షా ఎక్కి, దర్జాగా తీసుకెళ్లి బలిపీఠం ముందు అందరికీ కనపడేలా పెట్టేశారు.

మేం వెళ్లేసరికి ప్రార్థన మొదలైంది. పెద్దమ్మ కళ్లు మూసుకోబోతూ మళ్లీ తెరిచింది. గుమ్మడికాయల మధ్య నీలం పువ్వులు. "ఈ కానుకలన్నిటినీ నీకు ప్రతిష్ఠిస్తున్నాము" అని అయ్యగారు అంటుంటే సంఘమంతా ఆమెన్ అంది, ఆవిడ తప్ప. మా చర్చిలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. నడవకు అవతల కూర్చున్న పెదనాన్న వైపు ఆవిడ ఒక చూపు చూసింది. ఆయనకు సంగతి అర్థమై మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పెట్టింది తిరిగి తీసుకోవడానికి లేదు. పాడుకుందామంటే తన తీర్మానమే అడ్డం. పెద్దమ్మ నా చెవిలో, "నువ్వు పాడు. నీ పేరుమీద పాడితే తప్పు లేదు. నేను గిల్లినప్పుడల్లా పెంచు" అంది.

వేలం వేసేది మా సంఘ పెద్దల్లో ఒకాయన. వర్క్‌షాపులో పనిచేసి పనిచేసి, సుత్తులు మోగుతున్నా వినపడేంత గొంతు వచ్చేసింది ఆయనకు. గిన్నె మూత తీసి అటూ ఇటూ చూపించాడు. ఘుమఘుమలు చివరి బెంచీ దాకా వచ్చాయి. "ఏందన్నా, గిట్ల కూసున్నరు? పలావు వేడిగున్నది, మీరే సల్లగున్నరు! షురూ చెయ్యుండ్రి!" అన్నాడు. నేను పాడాను. మగవాళ్ల వైపు నుంచి ఎవరో పెంచారు. చూస్తే మా పక్క క్వార్టరు బాబాయి. పెదనాన్నకు వర్క్‌షాపులో స్నేహితుడు, లాలాగూడలోనే పుట్టి పెరిగిన మనిషి, చేతిలోంచి చిల్లర జారనివ్వడని పేరు. పెద్దమ్మ గిల్లింది. నేను పెంచాను. ఆయనా పెంచాడు. మళ్లీ గిల్లుడు, మళ్లీ పాట. "బిడ్డకు ఆకలి గట్టిగనే ఉన్నట్టుంది!" అని వేలమాయన అంటే చర్చంతా నవ్వింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. పాట పోయిపోయి నేరేడ్‌మెట్ ఆవిడ మొత్తం గిన్నెలకు ఇస్తానన్న ధరను కూడా దాటింది. అప్పుడు గిల్లుడు ఆగింది. పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మొండి మనిషి ఏడవగా నేను చూడటం అదే మొదలు, నాకూ ఏడుపొచ్చింది. అవతల వైపు పెదనాన్న మోచేత్తో బాబాయి డొక్కలో పొడుస్తూనే ఉండటం అప్పుడు కనపడింది నాకు. మొగుడూ పెళ్లాలు ఒకే గిన్నె కోసం చెరోవైపూ కూర్చుని, మనుషుల్ని పెట్టి మరీ, ఒకరి మీద ఒకరు పాడుకున్నారన్నమాట. ఆ మాట నేను పెద్దమ్మ చెవిన వేశాను. ఆవిడ ముక్కు చీదుకుని, నా చెవిలోనే, "ఆయన పాడించారా! ఎంత దాకైనా పోయేవారన్నమాట" అంది. ఆ గొంతులో కోపం కోసం వెతికాను, దొరకలేదు. మూడోసారి కేకేసి గిన్నెను బాబాయి చేతుల్లో పెట్టారు.

కథ అక్కడితో అయిపోవాలి. గిన్నె సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యాలి. కానీ మా బెంచీలోనే, పెద్దమ్మకు అటు పక్కన, బాబాయి భార్య కూర్చుని ఉంది. ఆ పిన్ని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. మాకేం అర్థం కాలేదు. "అక్కా, చూసినవా అక్కా? పెండ్లయిన కాంచి గీయన నాకు ఒక్క రవికె గుడ్డ సుత తేలె. మీ ఇంట్ల గా గిన్నె చూసినప్పుడల్లా ఎంత సక్కగున్నదని ఇంట్ల చెప్పేదాన్ని. వింటలేడనుకున్న. ఇయ్యాల గింతమంది ముందల నా కోసం పాడిండు!" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు నిమురుతున్నారు. పెద్దమ్మ నోరు తెరిచింది. నిజం చెప్పబోతోందనే అనుకున్నాను. పిన్ని వైపు తిరిగి, "బూడిదతో తోమకు. మెత్తటి గుడ్డతో తుడువు" అని మాత్రం చెప్పింది.

మధ్యాహ్నం మేం అన్నానికి కూర్చుంటే బాబాయి ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి. పెదనాన్న కొత్త రేడియో కోసం దాచుకున్న డబ్బు అప్పటికే బాబాయి చేతుల మీదుగా చర్చికి చేరిపోయింది. "అన్నా, నేను మస్తు పరేషాన్ల పడ్డ. ఆమె గా గిన్నెను మంచం మీద పెట్టుకొని కూసున్నది. ఇరుగు పొరుగును పిలిచి సూపిస్తున్నది. ఎట్ల జెయ్యాలె? గిది మీదని చెప్పాల్నా?" అన్నాడు. పెదనాన్న ముద్ద పట్టుకుని పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "చెప్పి చూడు! ఆ పిల్లకు ఆ మాట చెప్పావంటే మా గడప తొక్కనివ్వను. నీకు సిగ్గుంటే వచ్చే పండక్కి ఒక రవికె గుడ్డ కూడా కొనుక్కెళ్లు" అంది. ఆయన తలూపి, తల వంచుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మ వచ్చి పెదనాన్న కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. ఆయన వద్దనలేదు, రేడియో ఊసూ ఎత్తలేదు.

నేరేడ్‌మెట్ ఆవిడ అన్నట్టే మిగతావాటిని వద్దంది. అవన్నీ మాతో పాటు చిలకలగూడ వచ్చి మంచం కింద సర్దుకున్నాయి. తర్వాత ఒక్కొక్కటే తలో ఇంటికీ పోయాయి. ఒక్క ఇంటికే పోవాలన్న పెద్దమ్మ పట్టు నెరవేరనే లేదు. చాలా ఏళ్ల తర్వాత బాబాయి వాళ్ల పెళ్లిరోజు ప్రార్థనకు అందరం వెళ్లాం. తెల్ల గిన్నెలో పలావు పెట్టారు. బాబాయి లేచి సాక్ష్యం చెబుతూ, "గీమెకు గా గిన్నెంటే పానం. అందుకే గా దినం ఎంతైనా గానీ అని పాడిన" అన్నాడు. మా వైపు చూసి కన్నయినా గీటుతాడేమోనని చూశాను. లేదు. మనస్ఫూర్తిగానే చెబుతున్నాడు. పిన్ని తల వంచుకుని పెళ్లికూతురిలా నవ్వుకుంటోంది. పెదనాన్న కిటికీ వైపు తిరిగారు. పెద్దమ్మ మాత్రం అందరికంటే గట్టిగా "ఆమెన్" అంది. వాళ్లు నలుగురూ ఇప్పుడు లేరు. ఆ గిన్నె పిన్ని కోసం కొన్నది కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇంకొన్నాళ్లకు నేనూ వెళ్లిపోతే, అది ఆమె కోసమే కొన్నదై పోతుంది.